ఆడపిల్ల ఆటకు జీతం ఎప్పుడు మొదలవ్వాలి?

2024 జనవరిలో మస్కట్‌లో మొట్టమొదటి మహిళల హాకీ ఫైవ్స్ ప్రపంచకప్ జరిగింది. భారత జట్టు సెమీఫైనల్లో దక్షిణాఫ్రికాను 6-3తో ఓడించి ఫైనల్‌కు చేరింది. అక్కడ నెదర్లాండ్స్ చేతిలో 2-7తో ఓడి రజతంతో తిరిగొచ్చింది. ఆ జట్టు కెప్టెన్ గోల్‌కీపర్ ఎతిమరపు రజని. సొంతూరు ఎర్రావారిపాళెం మండలం ఎనుములవారిపల్లె. నిన్నమొన్నటి వరకు చిత్తూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. వడ్రంగి పని చేసుకునే కుటుంబం. నెరబైలు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఆమె చేతికి హాకీ కర్ర వచ్చింది. 2009 నాటికి దేశం తరఫున ఆడారు.

రజని క్రీడా జీవితాన్ని పతకాల పట్టికలో చూస్తే అది చాలా పెద్దదే. 2017 ఆసియాకప్‌లో చైనాను షూటౌట్‌లో ఓడించి స్వర్ణం గెలిచిన జట్టులో ఉన్నారు. 2018 ఆసియా క్రీడల్లో రజతం గెలిచిన జట్టులోనూ ఉన్నారు. కానీ పట్టికలో కనిపించని విషయం ఒకటుంది. ఆమె కాలమంతా మరో గోల్‌కీపర్ సవితా పూనియా కాలం కూడా. ఫార్వర్డ్‌లను మ్యాచ్ నడుస్తుండగానే మారుస్తూ ఉంటారు, కాబట్టి నాలుగో ఫార్వర్డ్‌కు, ఐదో ఫార్వర్డ్‌కు కూడా ఆట దొరుకుతుంది. గోల్‌కీపర్‌కు ఆ వీలుండదు. రియో, టోక్యో ఒలింపిక్స్‌కు ప్రకటించిన పదహారు మంది జట్టులో గోల్‌కీపర్ స్థానం ఒక్కటే, అది సవితది. రజని రెండుసార్లూ రిజర్వు. అదే శిబిరం, అదే తెల్లవారుజాము కసరత్తు, రోజుకు అన్నే షాట్లు ఒంటిమీద కాచుకోవడం. ముప్పై ఆరేళ్ల తర్వాత భారత మహిళల హాకీ ఒలింపిక్స్‌కు వెళ్లిన రియోలోనూ, తొలిసారి సెమీఫైనల్ ఆడిన టోక్యోలోనూ ఆమె గోల్‌పోస్టుల మధ్య కాక పక్కన నిలబడి సిద్ధంగా ఉన్నారు.

అలా సిద్ధంగా ఉండటం కూడా ఒక ఉద్యోగమే. దానికి నెల నెలా జీతం ఎవరివ్వాలన్నదే ఈ వ్యాసం అడిగే ప్రశ్న.

2021 ఆగస్టులో టోక్యో నుంచి వచ్చాక రాష్ట్ర ప్రభుత్వం రజనిని సత్కరించింది. 25 లక్షల రూపాయలు, తిరుపతిలో 1,000 గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ప్రభుత్వోద్యోగం, నెలకు 40 వేల రూపాయల ప్రోత్సాహకం ప్రకటించారు. వాటితో పాటు అంతకుముందెప్పుడో ప్రకటించి ఇవ్వకుండా ఉండిపోయిన 67.5 లక్షలు కూడా విడుదల చేయమన్నారు. చప్పట్ల మధ్య ఈ చివరి పద్దును చాలామంది పట్టించుకోలేదు. అంతర్జాతీయ క్రీడాకారిణికి మాటిచ్చిన డబ్బు ఏళ్ల తరబడి ఫైళ్లలో ఉండిపోయిందన్నమాట. ఆ ఏళ్లన్నీ ఆమె ఆడుతూనే ఉన్నారు.

నాలుగేళ్లు గడిచాయి, ప్రభుత్వం మారింది. 2025 నవంబరులో మహిళల క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులోని కడప అమ్మాయి శ్రీచరణికి 2.5 కోట్ల రూపాయలు, కడపలో 1,000 గజాల స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటించారు. ముఖ్యమంత్రులు వేరు, పార్టీలు వేరు, ఆటలు వేరు. కానుక మాత్రం ఇంచుమించు అదే: నగదు, వెయ్యి గజాలు, సర్కారు కొలువు. ఇవ్వడం తప్పని ఎవరూ అనరు. ఇద్దరూ దానికి అన్ని విధాలా అర్హులు. గమనించాల్సింది ఇది వచ్చే సమయాన్ని. పతకం మెడలో పడ్డాకే ప్రభుత్వానికి ఆ అమ్మాయి కనిపిస్తోంది.

మనకు ఇది కొత్త కాదు. ఆటగత్తెను పోషించిన పాత దారి ప్రభుత్వోద్యోగమే. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచిన శ్రీకాకుళం బిడ్డ కరణం మల్లీశ్వరికి ఫుడ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగం. హైదరాబాద్‌లో పెరిగి ప్రపంచ క్రికెట్‌ను ఏలిన మిథాలీ రాజ్‌కు రైల్వే ఉద్యోగం. 2005 ప్రపంచకప్‌లో ఫైనల్ దాకా వెళ్లినప్పుడు మ్యాచ్‌కు వెయ్యి రూపాయల చొప్పున ఇచ్చారని మిథాలీయే చెప్పారు. అలాంటి రోజుల్లో రైల్వే జీతం లేకపోతే మహిళల క్రికెట్టే లేదు, మహిళల హాకీ అసలే లేదు. భారతీయ రైల్వే దేశంలో మహిళల క్రీడకు చేసిన మేలును ఎంత చెప్పినా తక్కువే. అయితే అది ఆట వల్ల వచ్చిన ఉద్యోగం. ఆటే ఉద్యోగం కావడం వేరు. రెండో దారి తెరుచుకుంటే ఎంత వేగంగా మనుషులు పైకొస్తారో శ్రీచరణి జీవితంలోని పదకొండు నెలలు చూపిస్తాయి.

ఆమెది వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లె. తండ్రి రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రంలో ఉద్యోగి. బడిలో ఖోఖో, బ్యాడ్మింటన్, పరుగుపందేలు అన్నీ ఆడారు. ఇంట్లో మేనమామతో క్రికెట్ ఆడేవారు. ఆ ఆటను సీరియస్‌గా తీసుకున్నది టీనేజీ సగం దాటాకే. మొదట వేగంగా బంతి విసిరేవారు, తర్వాత ఎడమచేతి స్పిన్‌కు మారారు. 2024 డిసెంబరు 15న బెంగళూరులో జరిగిన మహిళల ప్రీమియర్ లీగ్ వేలంలో 10 లక్షల కనీస ధరతో పేరు నమోదైంది. ఢిల్లీ క్యాపిటల్స్ 55 లక్షలకు తీసుకుంది. అప్పటికి ఆమె దేశానికి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 2025 ఏప్రిల్ 27న కొలంబోలో శ్రీలంకపై తొలి వన్డే. జూన్ 28న నాటింగ్‌హామ్‌లో తొలి టీ20, ఇంగ్లండ్‌పై 12 పరుగులిచ్చి 4 వికెట్లు. ఆ సిరీస్‌లో 10 వికెట్లతో ప్లేయర్ ఆఫ్ ద సిరీస్. ఇంగ్లండ్ గడ్డపై భారత మహిళలు టీ20 సిరీస్ గెలవడం అదే మొదటిసారి. అక్టోబరు 12న విశాఖలో ఆస్ట్రేలియా 331 పరుగుల లక్ష్యాన్ని ఛేదించి మన బౌలర్లను ఉతికేసిన రోజున కూడా ఆమె 41 పరుగులకే 3 వికెట్లు తీశారు. నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి కప్పు ఎత్తే సమయానికి టోర్నీలో 14 వికెట్లు ఆమె పేరుమీద ఉన్నాయి. భారత జట్టులో దీప్తి శర్మ తర్వాత అవే ఎక్కువ. అదే నెల చివర్లో మళ్లీ వేలం జరిగితే ఢిల్లీయే 1.3 కోట్లకు తిరిగి తీసుకుంది.

ప్రతిభ ఆమెది. ఎర్రమల్లె నుంచి నాటింగ్‌హామ్‌కు వేసిన మెట్లు మాత్రం 2023లో మొదలైన ఆ లీగ్‌వి. అంతకు ముందు ఇదే ప్రతిభకు ఈ వేదిక లేదు. ఆదోని నుంచి వచ్చిన ఎడమచేతి పేసర్ అంజలి శర్వాణిని తొలి వేలంలో యూపీ వారియర్స్ 55 లక్షలకే తీసుకుంది. అనంతపురం గ్రామీణ కుటుంబం నుంచి వచ్చి ఆర్‌డీటీ స్వచ్ఛంద సంస్థ క్రీడా గ్రామంలో పెరిగిన బారెడ్డి అనూష 2023 జూలైలో బంగ్లాదేశ్‌లో భారత్ తరఫున ఆడారు. కరువు సీమ అని పేరుపడ్డ నాలుగు పాత జిల్లాల్లో మూడింటి నుంచి ముగ్గురు. చిత్తూరు నుంచి హాకీలో రజని. ఆటగత్తెలకు ఇక్కడ కొదవ లేదు.

లీగ్ ఉంటే చాలా? చాలదు. ఎలాంటి లీగ్ అన్నది ముఖ్యం. ఆ సంగతి తెలియాలంటే తెలుగువాళ్లు ఎక్కువగా చూడని ఒక ఆటను చూడాలి. అది ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్.

ఆ ఆట పుట్టింది క్రికెటర్ల చేతుల్లోనే. 1859లో మెల్‌బోర్న్‌లో టామ్ విల్స్, మరికొందరు క్రికెట్ మిత్రులు కూర్చుని రాసిన నియమాలవి. చలికాలంలో ఒళ్లు గట్టిగా ఉంచుకోవాలన్నది వాళ్ల ఆలోచనల్లో ఒకటి. కోలగా ఉండే మైదానం, కోలగా ఉండే బంతి, రెండు చివర్లా నాలుగేసి స్తంభాలు. నడిమి రెంటి మధ్య నుంచి తంతే ఆరు పాయింట్లు, పక్కవాటి మధ్య నుంచి పోతే ఒకటి. గాల్లోకి లేచి ఎదుటివాళ్ల భుజాలమీదుగా బంతిని అందుకోవడం ఈ ఆట అందం. ఒంటికి ఒళ్లు తగిలే ఆట, ఆడవాళ్లకు కాదని నూరేళ్లకు పైగా అనుకున్న ఆట. 2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేల పైచిలుకు ఉన్నారు. అక్కడ బడికి పోయే మన పిల్లలకు ఇది వింత ఆటేమీ కాదు.

ఎరిన్ ఫిలిప్స్ కథ వింటే మన ఆడపిల్లల తల్లిదండ్రులకు ఎవరో తెలిసినవాళ్ల కథలాగే ఉంటుంది. తండ్రి పోర్ట్ అడిలైడ్‌కు ఆడిన పేరున్న ఆటగాడు. కూతురు చిన్నప్పుడు మగపిల్లలతో కలిసి ఆడింది. పదమూడేళ్లు రాగానే ఇక ఆడటానికి వీల్లేదన్నారు, ఎందుకంటే పెద్ద ఆడపిల్లలకు ఆ దారిలో ముందుకు ఏమీ లేదు. ఆమె బాస్కెట్‌బాల్‌కు వెళ్లారు. అమెరికా మహిళల లీగ్‌లో 2012లో ఇండియానా, 2014లో ఫీనిక్స్ జట్లతో విజేత అయ్యారు. 2016 రియోలో ఆస్ట్రేలియాకు ఆడారు. 2017లో మహిళల ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది. అప్పటికామెకు ముప్పై దాటాయి. అయినా చిన్ననాటి ఆటకు తిరిగొచ్చి, మొదటి ఏడాదే అడిలైడ్‌కు కప్పు తెచ్చి, లీగ్ ఉత్తమ క్రీడాకారిణి అయ్యారు. 2019లో మళ్లీ. ఆ ఏడాది ఫైనల్‌కు అడిలైడ్ ఓవల్‌లో 53,034 మంది వచ్చారు. ఆమె మూడో క్వార్టర్‌లో మోకాలి లిగమెంట్ తెగి స్ట్రెచర్‌పై బయటికి వెళ్లారు. అయినా ఆ మ్యాచ్ ఉత్తమ క్రీడాకారిణి ఆమే. 2023లో రిటైరయ్యేలోపు పోర్ట్ అడిలైడ్ మహిళా జట్టుకు తొలి కెప్టెన్‌గానూ చేశారు, తండ్రి ఆడిన క్లబ్బుకే. పదమూడు నుంచి ముప్పై ఒకటి దాకా ఈ ఆటలో ఆమెకు చోటు లేకపోవడం ఆ దేశం తనకు తాను చేసుకున్న నష్టం. మన జిల్లాల్లో పదో తరగతితో ఆట ఆగిపోయే పిల్లల విషయంలో మనం చేసుకుంటున్నదీ అదే.

ఆ లీగ్ మొదటి రోజు, 2017 ఫిబ్రవరి 3. మెల్‌బోర్న్ ప్రిన్సెస్ పార్క్‌లో కార్ల్‌టన్, కాలింగ్‌వుడ్ జట్ల మ్యాచ్. 24,568 మంది లోపలికి వచ్చాక గేట్లు మూసేశారు. బయట మిగిలిపోయినవాళ్లకు లీగ్ అధిపతి స్వయంగా వచ్చి క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. జనం అలా విరగబడిన ఆ రోజున మైదానంలో ఉన్న చాలామంది క్రీడాకారిణుల జీతం సీజన్ మొత్తానికి 8,500 ఆస్ట్రేలియన్ డాలర్లు. అప్పటి లెక్కన నాలుగు లక్షల చిల్లర రూపాయలు. పెద్ద పేర్లకు 27,000. నర్సులు, టీచర్లు, ఎలక్ట్రీషియన్లు పగలు తమ పని చేసుకుని సాయంత్రాలు శిక్షణకు వచ్చేవారు. మగవాళ్లతో సమానంగా గాయాలు, మోకాలి లిగమెంట్ గాయాలైతే వాళ్లకంటే ఎక్కువ. ఆడవాళ్లు ఆడితే ఎవరు చూస్తారన్న ప్రశ్నకు మొదటి రాత్రే జవాబు దొరికినా, జీతం ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది.

దాన్ని తేల్చింది కానుకలు కాదు, బేరసారాలు. ఆటగాళ్ల సంఘం మగవాళ్లకూ ఆడవాళ్లకూ కలిపి ఒకే ఒప్పందం కోసం పట్టుబట్టింది. 2023లో ఐదేళ్ల ఉమ్మడి ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం మహిళల సగటు జీతం 2027 నాటికి 82,000 డాలర్లకు చేరాలి. మన డబ్బులో 45 లక్షల దరిదాపు. ఏడాది పొడవునా నడిచే కాంట్రాక్టులు వచ్చాయి. మగవాళ్ల సగటుతో పోలిస్తే ఇది ఆరో వంతు కూడా కాదు, కాబట్టి సమానత్వం వచ్చేసిందని చెప్పడం అబద్ధమవుతుంది. పైగా 2020లో కోవిడ్ రాగానే ఆ సీజన్‌ను కప్పు ఎవరికీ ఇవ్వకుండా మధ్యలోనే ఆపేశారు. అయినా ఒక లెక్క గమనించాలి. ఎనిమిది క్లబ్బులతో మొదలైన లీగ్ 2022 నాటికి పద్దెనిమిది క్లబ్బులైంది. ఒక్కో క్లబ్బులో ముప్పై మంది. అంటే సుమారు 540 మంది అమ్మాయిలకు ఆట పేరుమీద జీతం. వాళ్లలో మ్యాచ్ రోజున మైదానంలోకి దిగని రిజర్వులూ ఉన్నారు.

ఆస్ట్రేలియా జనాభా మన ఆంధ్రప్రదేశ్ జనాభాలో సగం పైచిలుకు మాత్రమే.

ఇప్పుడు మన లెక్క చూద్దాం. మహిళల ప్రీమియర్ లీగ్‌లో ఐదు జట్లు, జట్టుకు పద్దెనిమిది మంది, మొత్తం తొంభై. విదేశీయులను తీసేస్తే నూట నలభై కోట్ల దేశంలో అరవై చోట్లు. వేలంలో కోట్లు పలికే పేర్లు టీవీలో కనిపిస్తాయి, కనీస ధర దగ్గరే ఆగిపోయేవాళ్లు, ఎవరూ కొనకుండా మిగిలిపోయేవాళ్లు కనిపించరు. వాళ్ల బతుకు దేశవాళీ మ్యాచ్ ఫీజుల మీద ఉంటుంది. సీనియర్ మహిళలకు ఆ ఫీజును రోజుకు 20 వేల నుంచి 50 వేలకు పెంచుతూ బీసీసీఐ 2025 డిసెంబరులో నిర్ణయించింది. ప్రపంచకప్ వేడుకలన్నిటిలోనూ ఈ నిర్ణయానికి దక్కాల్సినంత చోటు దక్కలేదు. స్మృతి మంధాన బతుకును అది మార్చదు. ఆంధ్ర జట్టులో పదకొండో పేరు బతుకును మారుస్తుంది.

హాకీ సంగతి ఇంకా చిన్నది. మహిళల హాకీ ఇండియా లీగ్ 2025 జనవరి 12న రాంచీలో నాలుగు జట్లతో మొదలై 26న ఒడిశా వారియర్స్ విజయంతో ముగిసింది. రెండు వారాలు. వేలంలో అత్యధిక ధర ఉదితకు పలికిన 32 లక్షలు. మొదలైనందుకు సంతోషించాల్సిందే. కానీ రెండు వారాల లీగ్ మిగతా యాభై వారాలు అన్నం పెట్టదు. ఆ యాభై వారాలకు ఇప్పటికీ దిక్కు రైల్వేలే. ఫుట్‌బాల్‌దీ అదే బాధ. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌కు ఆడారు. 2024-25లో ఈస్ట్ బెంగాల్‌తో జాతీయ లీగ్ గెలిచి దేశపు ఉత్తమ క్రీడాకారిణి అయ్యారు. వాళ్లింటి పక్క వీధిలో కూడా ఆ సంగతి ఎంతమందికి తెలుసో అనుమానమే.

కాణిపాకం, ఇరాల, పూతలపట్టు చుట్టుపక్కల బడుల్లో సాయంత్రం కబడ్డీ ఆడే అమ్మాయిని చూసి తండ్రి అడిగే ప్రశ్న న్యాయమైనదే: "దీంతో ఏమొస్తుందమ్మా?" దానికి వ్యాయామ ఉపాధ్యాయుడు ఇప్పటిదాకా ఇవ్వగలిగిన జవాబు స్పోర్ట్స్ కోటా. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో తెచ్చిన క్రీడా విధానంలో ఉద్యోగాల్లో ఆ కోటాను 2 శాతం నుంచి 3 శాతానికి పెంచింది. ఒలింపిక్ స్వర్ణానికి 7 కోట్లు ఇస్తామంది. ఒక శాతం పెంపు వందలాది ఇళ్లలో దీపం పెడుతుంది, దాన్ని మెచ్చుకోవాలి. ఏడు కోట్లు మాత్రం ఎనుములవారిపల్లెలో పద్నాలుగేళ్ల పిల్లను మైదానంలో ఉంచలేవు. ఆమెను ఉంచేవి వేరు: బూట్లు, గుడ్లు, పాలు, శిక్షణకు పోయి చీకటిపడేలోగా ఇంటికి చేర్చే బస్సు, మోకాలు పోతే ఆపరేషన్‌కు బీమా, ఇంటర్ తర్వాత పెళ్లిమాట రాకముందే చేతికందే నెలవారీ సొమ్ము.

2021లో రజనికి ప్రకటించిన నాలుగు కానుకల్లో అందరూ వెయ్యి గజాల గురించే మాట్లాడుకున్నారు. వాటిలో విధానంగా మారదగింది నెలకు 40 వేలు. అది సత్కారంగా ఒకరికి ఇచ్చింది. దాన్ని నియమంగా మార్చవచ్చు. జాతీయ శిబిరానికి పిలుపు వచ్చిన ప్రతి రాష్ట్ర క్రీడాకారిణికి, ఆమె తుది జట్టులో ఉన్నా రిజర్వులో ఉన్నా, శిబిరం రోజు నుంచే నెల నెలా ఖాతాలో పడాలి. గాయపడితే ఆగకూడదు. బిడ్డను కంటే ఆగకూడదు. ఆ జాబితా పెద్దదేమీ కాదు. అన్ని ఒలింపిక్ క్రీడలూ కలిపి వంద మంది ఉన్నారనుకున్నా ఏడాదికి 4 కోట్ల 80 లక్షలు. ఒక్క స్వర్ణ పతకానికి ఇస్తామన్న దానికంటే తక్కువ.

రెండో పని రాష్ట్ర స్థాయి మహిళల లీగ్. పురుషుల క్రికెట్‌కు 2022 నుంచి ఆంధ్రా ప్రీమియర్ లీగ్ ఉంది. కబడ్డీ, హాకీల్లో ఆరేసి మహిళా జట్లతో మూడు నెలలు నడిచే పోటీకి కోట్ల వేలం అక్కర్లేదు. జట్టుకు పద్దెనిమిది మంది, కనీస జీతం రాసిన కాగితం, టికెట్ లేని ప్రవేశం చాలు. మెల్‌బోర్న్‌లోనూ మొదట్లో టికెట్ లేకుండానే లోపలికి పంపారు. తిరుపతిలో స్టేడియం ఉంది, మహిళా విశ్వవిద్యాలయం ఉంది. కడప పుట్లంపల్లిలో క్రీడా పాఠశాల ఉంది, అనంతపురంలో ఆర్‌డీటీ మైదానాలున్నాయి. వీటి మధ్య నడిచే ఒక పోటీ లేదు.

మూడోది ఇంకా చిన్నది, ఇంకా అత్యవసరం. మాటిచ్చిన డబ్బు ఇచ్చే తేదీ. ప్రోత్సాహక ఉత్తర్వు వెలువడిన తొంభై రోజుల్లో సొమ్ము చెల్లించాలని, ఆలస్యమైతే కారణం శాసనసభకు చెప్పాలని క్రీడా విధానంలోనే ఒక వాక్యం చేరిస్తే సరిపోతుంది. 67.5 లక్షలు ఎన్నేళ్లు ఆగాయో తెలిసిన రాష్ట్రానికి ఆ వాక్యం ఎందుకో వివరించనక్కర్లేదు. శ్రీచరణికి ప్రకటించిన వాటితోనే దాన్ని మొదలుపెట్టవచ్చు.